తాపిన నీళ్లు ఎక్కడికి పోతాయి?

పోయిన జనవరిలో మా చెల్లెలి పది నెలల కొడుకుకు తోడుగా కర్నూలులో ఒక పిల్లల వార్డులో మూడు రాత్రులు ఉన్నాను. పక్క మంచం దగ్గర ఆలూరు వైపు నుంచి వచ్చిన అవ్వ ఉంది. మనవరాలికి రెండు రోజులుగా వాంతులు, నీళ్ల బేదులు. ఓఆర్ఎస్ గ్లాసు చేతికిచ్చి చెంచాతో తాపమని నర్సు చెబితే, అవ్వ గ్లాసు పక్కన పెట్టి అడిగింది: "తాపినకాడికి ఎల్లిపోతాంది కదమ్మా, ఇంగ తాపేదెందుకు?"

"తాపవ్వా, కొంచెమన్నా లోపల నిలబడతాది" అని నర్సు ఇంకో మంచానికి పరుగెత్తింది. ఆమెకు తీరిక లేదు. అవ్వ అడిగిన దానికి మాత్రం నిదానంగా జవాబు చెప్పాలి.

చిన్నపేగు లోపలి గోడ నున్నగా ఉండదు. జొన్నచేనులా సన్నటి మొలకలు కిక్కిరిసి ఉంటాయి. తిన్నదాన్ని, తాగినదాన్ని ఒంటికి పట్టించేవి ఆ మొలకల కొసల్లోని ముదురు కణాలు. పసిపిల్లలకు ఇలాంటి బేదులు తెచ్చే రోటావైరస్ సరిగ్గా ఆ కొసల మీదే పడుతుంది, నిలబడ్డ చేలో కంకులు మాత్రం కోసుకుపోయినట్టు. దాంతో పాలలోని చక్కెర అరగదు. అరగని చక్కెర నీళ్లను పేగులోకి లాగుతుంది. అది చాలదన్నట్టు, వైరస్ చేయించే ఎన్‌ఎస్‌పీ4 అనే ప్రొటీన్ విషంలా పనిచేసి పేగు కణాల నుంచి ఉప్పునీళ్లను బయటికి తోడిస్తుంది. వాంతుల దారి వేరు. పేగులోని కొన్ని కణాలు సెరటోనిన్ అనే రసాయనాన్ని వదిలితే, వేగస్ నాడి ఆ కబురు మెదడుకు చేరవేస్తుంది. చాలామంది పిల్లల్లో ముందు వాంతులు, జ్వరం వచ్చి తర్వాత బేదులు మొదలవుతాయి.

అయినా వైరస్ చేనంతా కోయలేదు. అక్కడక్కడా కంకులు మిగులుతాయి, వేళ్లు భద్రంగా ఉంటాయి. మిగిలిన కణాల మీద ఒక తలుపు ఉంది. ఉప్పులోని సోడియం, గ్లూకోజ్ జంటగా వస్తేనే అది తెరుచుకుంటుంది. ఆ రెండూ లోపలికి పోతూ నీళ్లను వెంటబెట్టుకుపోతాయి. ఈ కిటుకును రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960లో ప్రాగ్‌లో జరిగిన సదస్సులో వివరించాడు. లీటరు నీళ్లకు కలిపే ఓఆర్ఎస్ ప్యాకెట్‌లో 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, వాటితో పాటు పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ ఉంటాయి. కొలత ఆ తలుపుకు తగ్గట్టు కట్టింది. అందుకే ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసుంటే అన్ని నీళ్లలోనే, మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసుకు చిటికెడు చొప్పున వేస్తే ఒకసారి చప్పగా, ఒకసారి కటిక ఉప్పగా తయారవుతుంది. కూల్‌డ్రింకులైతే చక్కెర ఎక్కువై బేదులను ఇంకా పెంచుతాయి.

1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా వచ్చి సెలైన్ అయిపోతే, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ పొట్లాలు కట్టించి ఇంటివాళ్ల చేతే తాపించారు. అంతకుముందు నూటికి ముప్పై మంది చనిపోతున్నచోట మరణాలు నూటికి నాలుగు లోపుకు దిగాయి. అక్కడ రోగం కలరా, ఇక్కడ వైరస్. తలుపు మాత్రం అదే.

వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచా చెంచాగా మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. పద్నాలుగు రోజులు జింక్ ఇవ్వాలి. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. పాలపండ్లు వస్తున్నందుకే ఈ బేదులులే అని రెండు రోజులు ఊరుకునేవాళ్లను చూస్తే నాకు గుండె దడ. పండ్లొచ్చే ఈడు, పాకే ఈడు, దొరికిందల్లా నోట్లో పెట్టుకునే ఈడు ఒకటే కావడంతో ఈ నమ్మకం పుట్టి ఉంటుంది. కళ్లు గుంటలు పడి, ఏడ్చినా కన్నీళ్లు రాక, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకుంటుంటే ఇక ఇంట్లో ఉండే పని కాదు. తాగలేక మగతగా పడి ఉన్న బిడ్డకు సెలైన్ ఎక్కించాల్సిందే.

వార్డులో నన్ను భయపెట్టింది ఇంకొకటి. మావాడు చేరింది నిమ్ముతో. మూడో రోజు వాడికీ బేదులు మొదలయ్యాయి. ఆసుపత్రిలో చేరి 48 గంటలు దాటాక ఇలా వస్తే, చాలావరకు అక్కడే అంటుకుందని లెక్క. జబ్బుపడిన బిడ్డ ఒక గ్రాము మలంలో వేల కోట్ల వైరస్‌లు ఉండొచ్చు. ఇంకో బిడ్డకు అంటడానికి వంద కూడా అక్కర్లేదు. గుడ్డ మార్చిన చేయి మంచం కడ్డీని పట్టుకుంటుంది, తర్వాత కుళాయిని, ఆ తర్వాత సెల్‌ఫోన్‌ని. వైరస్ వాటి మీద రోజుల తరబడి బతుకుతుంది. రోటాకు, బేదులు తెచ్చే ఇంకో వైరస్ నోరోకు, శానిటైజర్ కరిగించే కొవ్వు పైపొర లేదు. నోరో మీదైతే శానిటైజర్ బలం అంతంతమాత్రమే. సబ్బు, పారే నీళ్లు కావాలి. బేదులు కట్టిన తర్వాత కూడా కొన్ని రోజులు మలంలో వైరస్ పోతూనే ఉంటుంది.

విచిత్రమేమిటంటే మన టీకా పుట్టింది కూడా ఆసుపత్రిలో అంటుకున్న వైరస్ నుంచే. 1980ల నడుమ ఢిల్లీ ఎయిమ్స్‌లో అప్పుడే పుట్టిన పసికందులకు ఒక రోటావైరస్ సోకింది, కానీ వాళ్లకు బేదులు కాలేదు. 116ఈ అనే ఆ రకాన్ని డాక్టర్ ఎం.కె. భాన్ బృందం పట్టుకుంది. దాని నుంచే హైదరాబాద్ భారత్ బయోటెక్ రోటావాక్ చుక్కలు తయారుచేసింది. 2016లో ప్రభుత్వ టీకాల్లోకి రోటా టీకాను ముందుగా తెచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాలకు వేస్తారు. పరీక్షల్లో అది మొదటి ఏడాది తీవ్రమైన రోటా బేదులను సగానికి పైగా ఆపింది. అన్నిటినీ కాదు. మావాడికి మూడు మోతాదులూ పడ్డాయి.

ఆ రాత్రి అవ్వ గ్లాసు మళ్లీ చేతికి తీసుకుంది. నిమిషానికో చెంచా. పాప రెండుసార్లు కక్కింది, అవ్వ ఆగి మళ్లీ తాపింది. తెల్లవారుజామున నాలుగింటికి నన్ను తట్టి లేపి, తడిసిన గుడ్డ చూపించింది. "ఉచ్చ పోసింది నాయనా" అని, సబ్బుబిళ్ల తీసుకుని కుళాయి దగ్గరికి నడిచింది.