బొమ్మల సినిమా అంటే చిన్నపిల్లల సినిమానా? అపోహలు - వాస్తవాలు

సినిమా చూసొచ్చిన రాత్రి నుంచి పాప ఒంటరిగా బాత్రూమ్‌కి వెళ్లనంటోంది, లైటు ఆర్పితే ఏడుస్తోంది అంటూ వచ్చే అమ్మానాన్నల నోట తరచూ వినే మాట: "బొమ్మల సినిమానేనండీ, యూ సర్టిఫికెటే!" వాళ్ల తప్పేం లేదు. పోస్టర్ మీద నవ్వుతున్న ఎలుగుబంటి పిల్లని చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. పిల్లల నిద్ర ఎక్కువగా చెడగొడుతున్నది ఈ ఒక్క నమ్మకమే. అందుకే దీని గురించే ఎక్కువ చెబుతాను.

అపోహ: బొమ్మల సినిమా, పైగా యూ. నాలుగేళ్ల పిల్లకి ఫరవాలేదు.

వాస్తవం: యానిమేషన్ అనేది సినిమా తీసే పద్ధతి. అది ఏ వయసు వాళ్లకోసమో దాన్నిబట్టి తెలియదు. 1988 ఏప్రిల్ 16న జపాన్‌లో జిబ్లీ స్టూడియో రెండు సినిమాలు కలిపి విడుదల చేసింది. ఒకటి 'మై నైబర్ టొటోరో', పసిపిల్లలూ ఇష్టంగా చూసేది. రెండోది 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్'. బాంబుదాడిలో తల్లిని పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్లు ఆకలితో చనిపోయే కథ.

ఇక సర్టిఫికెట్. బ్రిటన్ సెన్సార్ బోర్డు తన 'యూ' నాలుగేళ్లు, ఆపై పిల్లలకి సరిపోతుందని చెబుతూనే, ఏ పిల్లని ఏది కలవరపెడుతుందో ముందే చెప్పలేమనీ అంటుంది. మన 'యూ'లో అలాంటి వయసు గీత లేదు, అందరూ చూడొచ్చు అంతే. 2023 చట్ట సవరణతో, పెద్దల తోడుతో చూడాల్సిన యూఏ మూడు ముక్కలైంది: 7+, 13+, 16+. ఇవి తల్లిదండ్రులకి సూచనలు మాత్రమే. పెద్దలకు మాత్రమే అనే 'ఏ' సర్టిఫికెట్ సినిమాకి ఆపినట్టు గేటు దగ్గర ఆపాలన్న రూలు లేదు, నిర్ణయం మీదే. ఓటీటీలో వయసు గుర్తు ప్లాట్‌ఫామే వేసుకుంటుంది. దాని పక్కన హింస, భయం అని చిన్న అక్షరాల్లో ఉండేది తప్పక చదవండి.

రక్తం లేదు కదా అని ధీమాపడకండి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల్ని రక్తం కన్నా ఎక్కువగా బెదరగొట్టేవి ఉన్నాయి: తెలిసిన ముఖం ఉన్నట్టుండి వికారంగా మారడం, అమ్మో నాన్నో లేకుండా పోవడం, కాపాడాల్సిన పెద్దవాళ్లే మీదపడటం. 'ఫైండింగ్ నీమో'లో తల్లి మొదటి కొద్ది నిమిషాల్లోనే పోతుంది. 'లయన్ కింగ్'లో చనిపోయిన తండ్రిని పిల్ల సింహం లేపబోతుంది.

ప్రహ్లాదుడి కథనే తీసుకోండి. 2025లో 'మహావతార్ నరసింహ' తెలుగులో వచ్చినప్పుడు దేవుడి సినిమా కదా అని చంటిపిల్లలతో కూడా వెళ్లారు. పెద్దవాళ్లకి స్తంభం పగిలే ఘట్టం గురించే కంగారు. ఈ కథలో నాలుగేళ్ల వాడికి అంతకన్నా ముందే దెబ్బ తగులుతుంది: కన్నతండ్రే కొడుకుని ఏనుగులతో తొక్కించబోవడం, పాములతో కరిపించబోవడం. నాన్నమ్మ చెబితే ఆ ఏనుగుని పిల్ల తను తట్టుకోగలిగినంతే ఊహించుకుంటుంది. మొహం మారితే నాన్నమ్మ "అప్పుడు దేవుడొచ్చాడు" అని దాటేస్తుంది. తెర అలా దాటెయ్యదు.

అందుకని ముందు మీరు చూడండి. తీరిక లేకపోతే, 100 నిమిషాల సినిమాలో మొదటి 15 నిమిషాలూ, 65 నుంచి 90 మధ్య భాగమూ చాలు. చాలా కథల్లో తల్లిదండ్రులు పోయేది మొదట్లో, పెద్ద గండం వచ్చేది ఆ చివర్లో. భయపెట్టే సీను ఎంతసేపుందో, ఆ వెంటనే ఎవరైనా ఓదార్చారో లేదో చూడండి. అర నిమిషం ఉలికిపాటు, వెంటనే నవ్వు అయితే చాలామంది పిల్లలు తట్టుకుంటారు. చీకట్లో ఎడతెగని పది నిమిషాల తరుముడు మాత్రం వద్దు. ట్రైలర్‌ని నమ్మకండి, జోకులన్నీ అందులోనే పెడతారు.

సందేహముంటే ఓటీటీలోకి వచ్చేదాకా ఆగండి. థియేటర్ సౌండ్ ప్రమాణం ప్రకారం ఒక్కో ముందు స్పీకరు నుంచే 105 డెసిబెల్స్ దాకా పోవచ్చు, రిమోట్ మీ చేతిలో ఉండదు. వెళితే వెనక వరుసలో, నడవ పక్క సీటు తీసుకోండి. చెవులు మూసుకోవడం, ఒళ్లోకి ఎక్కడం అందరికీ తెలిసిన గుర్తులే. పాప్‌కార్న్ కూడా ముట్టకుండా బిగుసుకుని కూర్చుంటే "భలే లీనమైపోయాడు" అనుకోకండి, చెయ్యి పట్టుకుని చూడండి. ఇంటర్వెల్ దాకా ఆగకుండా బయటికి తీసుకురండి. ఇంటికొచ్చాక ఎలుగుబంటి పిల్లకి అమ్మ దొరికిందని ముగింపు మీరే చెప్పండి.

అపోహ: "బొమ్మే నాన్నా, నిజం కాదు" అంటే భయం పోతుంది.

వాస్తవం: ఏడెనిమిదేళ్లు దాటితే పనిచేస్తుంది. అంతకంటే చిన్నవాళ్లకి కళ్లకి కనిపించిందే నిజం. కోపమొస్తే హీరో ఆకుపచ్చ భీకరాకారంగా మారిపోయే హల్క్ టీవీ సీరియల్‌తో 1980లలో చేసిన పరిశోధనలో చిన్నపిల్లలు ఎక్కువగా భయపడింది మంచివాడైన హీరో రూపం మారే చోటే. వాళ్లకి మాటల కన్నా ఒడి, గుక్కెడు నీళ్లు, బయట వెలుతురు పనికొస్తాయి.

అపోహ: ఏడాదిన్నర పిల్లకి ఏం అర్థమవుతుంది?

వాస్తవం: కథ అర్థం కాదు, చప్పుడు అర్థమవుతుంది. రెండేళ్లలోపు తెర అసలు వద్దని, రెండు నుంచి అయిదేళ్ల మధ్య రోజుకి గంట మించొద్దని భారతీయ పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. సినిమా ఒక్కటే గంటన్నర.

ధైర్యం వస్తుందని అదే సీను మళ్లీ చూపించేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి, పిరికివాడని ఆటపట్టించకండి. కొన్నాళ్లు బెడ్‌లైటు ఉంచండి, తలుపు తీసి పెట్టండి, ఆ రాక్షసుణ్ని కాగితం మీద గీయించి నచ్చినట్టు మార్చుకోనివ్వండి. చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గుతుంది. రెండు మూడు వారాలైనా నిద్ర కుదరక, బడికి వెళ్లనని మొరాయిస్తుంటే పిల్లల డాక్టరుకి చూపించండి. వెళ్లినప్పుడు ఏ సినిమా, ఏ సీను అన్నది చెప్పండి.