బోరు మోటారు, కరెంటు షాకు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎంసీబీ (కరెంటు మితిమీరితే సరఫరా ఆపేసే బ్రేకరు) ఉంది కదా, షాకు కొడితే అదే పడిపోతుంది (ట్రిప్ అవుతుంది).

వాస్తవం: ఎంసీబీ కాపాడేది వైర్లను. తడి చేతులతో ఉన్న మనిషి ఒంటి నిరోధం 1000 ఓమ్‌లు అనుకుంటే, 230 వోల్టులకు ఒంట్లోంచి పారేది 230 మిల్లీఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అందులో కొంత చాలు. 16 ఆంపియర్ల ఎంసీబీకి మాత్రం అది లెక్కలోకే రాదు. ఫేజులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగొస్తోందా అని చూసి, తేడా (లీకేజీ) ఉంటే సరఫరా ఆపేది ఆర్‌సీసీబీ అనే వేరే బ్రేకరు. మనుషుల రక్షణకు 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే పడేది పెట్టాలి. 100, 300 రకాలు అందుకు పనికిరావు. ఓవర్‌లోడును ఆర్‌సీసీబీ పట్టించుకోదు కాబట్టి ఎంసీబీ కూడా ఉండాల్సిందే.

అపోహ: ఎర్తింగ్ బాగా చేయించాం, ఇక ఆర్‌సీసీబీ దండగ.

వాస్తవం: ఎర్త్ రాడ్ నిరోధం 20 ఓమ్‌లు ఉందనుకోండి. ఫేజు మోటారు బాడీకి తగిలితే భూమిలోకి పోయేది 230ని 20తో భాగిస్తే వచ్చే 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దీనికి ఎన్ని గంటలైనా పడదు. అంతసేపూ బాడీ మీద 200 వోల్టులకు పైగానే ఉంటుంది. అదే ఆర్‌సీసీబీ ఉంటే క్షణంలో సరఫరా ఆగిపోతుంది. ఎర్త్ లేకుండా ఆర్‌సీసీబీ ఒక్కటే ఉన్నా ఇబ్బందే: లీకేజీకి దారి దొరక్క, ఎవరో ముట్టుకున్నాకే అది పడొచ్చు.

అపోహ: మోటారు నీళ్లలోనే ఉంది, వేరే ఎర్త్ ఎందుకు?

వాస్తవం: నీరు రాగి తీగ కాదు. పైపు, కేసింగ్ (బోరులో దించే గొట్టం) ప్లాస్టిక్‌వైతే మోటారుకు భూమితో ఉండే సంబంధాన్ని నమ్ముకోలేం. ప్యానెల్‌లో (మోటారు స్టార్టరు పెట్టెలో) కెపాసిటర్ ఉండే సింగిల్ ఫేజ్ మోటార్లకు దిగే మూడు కోర్ల (లోపలి తీగల) కేబుల్‌లో మూడూ వైండింగ్ (మోటారు లోపలి తీగచుట్ట) వైర్లే. వాటిలో ఒకటి ఎర్త్ అనుకుని కలిపారంటే అంతే సంగతులు. ఎర్త్ కోసం నాలుగో కోరు దింపాలి.

న్యూట్రల్‌నే బాడీకి కలిపేస్తే సరి అనే వాళ్లూ ఉన్నారు. ఎక్కడో న్యూట్రల్ తెగిన రోజున మోటారు బాడీ, ఇనుప పైపు, కుళాయి అన్నీ ఫేజులోకి వస్తాయి.

అపోహ: ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతోంది, తీసేస్తే గొడవ వదులుతుంది.

వాస్తవం: 30 మిల్లీఆంపియర్లది మామూలుగా 15 నుంచి 30 మిల్లీఆంపియర్ల లీకేజీ మధ్య పడుతుంది. మోటారు లీకేజీ వల్లే పడుతోందంటే ఇన్సులేషన్ సుమారు 15 వేల ఓమ్‌లకో, ఇంకా కిందకో దిగజారిందన్నమాట. మెయిన్ ఆపి, ప్యానెల్ దగ్గర మోటారు వైర్లు విప్పి, విడిగా టేప్ చుట్టి, మళ్లీ ఆన్ చేయండి. ఇప్పుడు పడకపోతే తప్పు కేబుల్‌లోనో మోటారులోనో ఉంది. మళ్లీ మెయిన్ ఆపాక, విప్పిన వైర్లకూ ఎర్త్‌కూ మధ్య 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరుతో) ఎలక్ట్రీషియన్ చేత చూపించాలి. 1 మెగాఓమ్ (పది లక్షల ఓమ్‌లు) కన్నా తక్కువ చూపిస్తే మోటారు పైకి తీయించాల్సిందే. తీశాక కేబుల్ మోటారు వైర్లకు కలిసే జాయింటు దగ్గర కోసి, కేబుల్‌ను, మోటారును వేర్వేరుగా కొలవాలి. ముందు అనుమానించాల్సింది జాయింటునే. మామూలు ఇన్సులేషన్ టేప్ నీళ్లలో ఎక్కువ కాలం నిలవదు. లోపల జిగురుండే హీట్ ష్రింక్ గొట్టాలో, రెసిన్ కిట్టో వాడాలి.

ఆన్ చేయగానే పడిపోవడం వేరు, పది నిమిషాలు నడిచాక పడడం వేరు. రెండోది వేడెక్కిన వైండింగ్ పని కావచ్చు. వాన పడ్డప్పుడే పడితే ప్యానెల్ పెట్టె తెరిచి తేమ చూడండి. మోటారు ఆపినా పడుతోందంటే ఎక్కడో న్యూట్రల్ ఎర్త్‌కు తగులుతుండొచ్చు. ఒక్క వైరునే తెంపే సింగిల్ పోల్ స్విచ్ దాన్ని విడదీయలేదు.

అపోహ: టెస్ట్ బటన్ నొక్కితే పడింది, అంతా బాగున్నట్టే.

వాస్తవం: ఆ బటన్ పరీక్షించేది ఆర్‌సీసీబీని మాత్రమే. నెలకోసారి నొక్కండి, కానీ ఎర్త్ తీగ తెగిపోయినా అది పడుతూనే ఉంటుంది.

అపోహ: స్విచ్ ఆపేశాం, ఇక ప్యానెల్‌లో చెయ్యి పెట్టొచ్చు.

వాస్తవం: సింగిల్ పోల్ స్విచ్ పొరపాటున న్యూట్రల్‌లో ఉంటే, ఆపినా మోటారు దాకా ఫేజు ఉంటుంది. రెండు వైర్లనూ తెంపే డబుల్ పోల్ పెట్టించి, ఆపాక టెస్టర్‌తో చూడండి. సరఫరా పోయినా కెపాసిటర్‌లో ఛార్జ్ మిగిలే ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకుండా 10 వేల ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో దాని రెండు కొసలకూ తగిలించి కొన్ని సెకన్లు ఉంచండి.