బొమ్మ ఆవు లిఫ్టెక్కిన రోజు

చిరంజీవి చిట్టికీ, బాబీకీ, ఈ ఉత్తరంలోకి పక్కనించి తొంగిచూసే మీ స్నేహితులందరికీ తాతయ్య దీవించి రాయునది. ఇక్కడ నేనూ, మీ నానమ్మా క్షేమం. ధనుర్మాసం పెట్టారు. తెల్లవారకుండానే మీ నానమ్మ వాకిట్లో కళ్ళాపి చల్లి ముగ్గు మొదలెడుతోంది. నేను అరుగు మీద కూర్చుని "అదిగో, ఆ చుక్క వదిలేశావు" అంటూ తిట్లు తింటున్నాను.

చిట్టీ, నీకో జవాబు బాకీ ఉన్నాను. కార్తీకంలో మీ కొత్త ఫ్లాటు గృహప్రవేశం నాడు పడ్డ బాకీ. ముందుగా ఆవు ఇంట్లో అడుగుపెట్టాలన్నారు శాస్త్రులుగారు. ఎక్కడినించో ఒక ఎర్రావుని, నుదుట పసుపూ కుంకుమా పెట్టి తోలుకొచ్చారు. మీదేమో ఏడో అంతస్తు. ఆ ఆవు లిఫ్టు దాకా బుద్ధిగా వచ్చి, లోపల అద్దంలో తనలాంటి ఇంకో ఆవుని చూసి, ముందుకాళ్ళు బిగబట్టి నిలబడిపోయింది. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి, తెరుచుకున్నాయి, మళ్ళీ మూసుకున్నాయి. వాచ్‌మన్ వెనకనించి తోశాడు. అరటిపండు చూపించారు. పండు తింది గానీ కాలు కదపలేదు. ఆఖరికి శాస్త్రులుగారు, "పోనీలెండి, గోపూజ కిందే కానిచ్చేద్దాం. వెండి ఆవూ దూడా ఉంటే పళ్ళెంలో పెట్టి పైకి పట్టుకెళ్ళండి" అన్నారు. పళ్ళెం నీ చేతికిచ్చారు. లిఫ్టులో నువ్వు నన్నడిగావు: "తాతయ్యా, బొమ్మ ఆవు వస్తే నిజం ఆవు వచ్చినట్టేనా?"

మూడో అంతస్తు దాకా ఆలోచించాను. ఇంతలో ఏడోది వచ్చేసింది. "తర్వాత చెప్తాలే" అన్నాను. పెద్దవాళ్ళు తర్వాత చెప్తామంటే ఇక చెప్పరని నీకు తెలుసు, అందుకే నావైపు ఆ చూపు చూశావు. ఇదిగో, చెప్తున్నాను.

ముందు మా చిలక సంగతి వినండి. నా చిన్నప్పుడు ఈ మండువా ఇంట్లో గోడకి వరసగా ఐదు చిలకకొయ్యలుండేవి. మీ ఇంట్లో హుక్కులంటారే, అవే. కాకపోతే ఇవి టేకుతో చేసిన చిలకలు. తోక గోడలో దిగి ఉంటుంది. రొమ్మూ, మెడా, వంకర ముక్కూ బయటికి ఉంటాయి. తగిలించిన బట్ట జారిపోకుండా మెడ కాస్త పైకెత్తి ఉంటుంది. ఐదింట్లో నాలుగు అరిగిపోయి ఉత్త కొయ్యలయ్యాయి. ఐదోదానికి మాత్రం గుండ్రటి కన్నూ, రెక్క మీద గీతలూ ఇంకా కనిపించేవి. దానికి మా తాతగారి కండువా వేలాడేది. నాకప్పుడు ఐదారేళ్ళు. పాపం దానిచేత రోజంతా కండువా మోయిస్తారు, ఒక్కపూటా తిండి పెట్టరు అని నాకు దిగులు. పీట ఎక్కి దాని ముక్కుకి బెల్లం పూశాను. మర్నాడూ పూశాను. మూడోనాడు తాతగారు ఆ కండువా భుజాన వేసుకుని ఏదో తగువు తీర్చడానికి వెళ్ళారు. పెద్దమనుషుల మధ్య కూర్చున్నాక చీమలు పని మొదలెట్టాయి.

ఆయన ఎలా తిరిగొచ్చారో మీరే ఊహించుకోండి. మా బామ్మ నన్ను తన వెనక దాచుకుని, "చిలక తినకపోతే చీమలు తిన్నాయి. ఎవరో ఒకరి కడుపు నిండిందిగా!" అంది. అంతేగానీ, "అది ఉత్త కొయ్యరా" అని ఆవిడ నాతో అప్పుడూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు.

పెద్దయ్యాక చిలకకొయ్యకి సంస్కృతంలో నాగదంతం అంటారని తెలిసింది. నాగం అంటే పామే కాదు, ఏనుగు కూడా. గోడలోంచి పొడుచుకొచ్చి పైకి వంగిన కొయ్యని చూస్తే వాళ్ళకి ఏనుగు దంతం గుర్తొచ్చింది. మనవాళ్ళకి చిలక గుర్తొచ్చింది. అదే గోడ, అదే వంపు! నా లెక్కన వంపు ముందు పుట్టింది, చిలక తర్వాత వచ్చి వాలింది. ఎవరో వడ్రంగి కొయ్య చెక్కడం అయ్యాక, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేదో చిలకలా ఉందే" అనుకుని ఉలి మొనతో ఒక కన్ను పెట్టి ఉంటాడు. ఆ కన్ను పడ్డాక ఇక అది కొయ్య కాదు. నాలాంటి వెర్రివాడు వచ్చి బెల్లం పెడతాడు.

చిలకే ఎందుకంటారా? అది మాటలు మోసే పక్షి. మన్మథుడికి వాహనం. ఈ నెలంతా తిరుప్పావై పాడుతున్నారే, ఆ గోదాదేవి చేతిలోనూ చిలకే. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి కూడా 2018 నించి రామచిలకే. శుభలేఖ మీద చిలకా గోరింకా జంట అచ్చేస్తారు. నిజానికి ఆ రెండూ వేరు వేరు జాతులు, ఏ కాలంలోనూ జతకట్టవు. పైగా గూడు పెట్టుకోవడానికి చెట్టు తొర్ర కోసం రెండూ కొట్టుకుంటాయి. మా చెరువుగట్టు తాటిమానులో ఏటా చూస్తాను. ఆ పోట్లాట చూసే కొత్త దంపతులకి ఆ పేరు పెట్టారేమో. ఈ వాక్యం మీ నానమ్మకి చదివి వినిపించకండి.

చిలక ముద్దొస్తోందని సంతలో కొనిమ్మని మారాం చెయ్యకండర్రా. రామచిలకని పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. చట్టం సంగతి అలా ఉంచండి, ఎగిరేదాన్ని కూర్చోబెట్టి మనం చూసే అందం ఏముంది? గోడ మీద చిలకకి ఆ బాధ లేదు.

సరే, ఇల్లంతా చూద్దాం. మీ మేనత్త పెళ్ళి గుర్తుందా? పెళ్ళివారింట్లో ఊరికే కూర్చునే చుట్టం ఉండడు. గుమ్మం దగ్గర ఒకరు, పన్నీరు చల్లడానికి ఇద్దరు, కొట్టుగది తాళాలతో ఒకరు, దీపాల దగ్గర ఒకరు. మన ఇళ్ళలో జంతువులూ అలాంటి చుట్టాలే. ఒక్కొక్కదానికీ ఒక పని అప్పగించారు.

గుమ్మం దగ్గర మీసాలు మెలేస్తూ కూర్చునే పెదనాన్న సింహం. అందుకే పెద్ద వాకిలిని సింహద్వారం అంటాం. బాబీ ఆ రోజు మీ తలుపు పైనా కిందా వెతికి, "సింహం ఏదీ?" అన్నాడు. ఒరే, పెదనాన్న లేకపోయినా ఆయన పేరు చెప్తే చాలదూ? పూరీ జగన్నాథస్వామి గుడికి వెళ్తే నిజంగా కనిపిస్తుంది. అక్కడ తూర్పున సింహద్వారం, దక్షిణాన అశ్వద్వారం, పడమట వ్యాఘ్రద్వారం, ఉత్తరాన హస్తిద్వారం. సింహం, గుర్రం, పులి, ఏనుగు నాలుగు దిక్కులా కాపలా. మన ఇళ్ళకి అన్ని వాకిళ్ళు లేవు కనక ఒక్క సింహాన్నే ఉంచుకుని తక్కినవాటికి సెలవిచ్చి ఉంటాం.

ఇంటి కొలతల్లోనూ జంతువులు దాక్కున్నాయి. పాతకాలపు వాస్తు సిద్ధాంతి ఇంటికి ఆయం కట్టేవాడు. కొలతల్ని ఏదో లెక్క ప్రకారం గుణించి ఎనిమిదితో భాగిస్తే మిగిలేది చూస్తాడు. 1 మిగిలితే ధ్వజం, 2 పొగ, 3 సింహం, 4 కుక్క, 5 ఎద్దు, 6 గాడిద, 7 ఏనుగు. ఏమీ మిగలకపోతే కాకి! సింహం, ఎద్దు, ఏనుగు, జెండా వస్తే సంతోషం. గాడిద వచ్చిందా, జానెడు గోడ జరపాల్సిందే. ఇందులో నాకొక్కటే కష్టంగా ఉంటుంది. రాత్రంతా మేలుకుని ఇల్లు కాచే కుక్కని చెడ్డవాటి వరసలో నిలబెట్టారు. ఎవరు వేశారోగానీ ఈ లెక్క, వాళ్ళింట్లో కుక్క లేదని నా నమ్మకం.

పన్నీరు చల్లే ఇద్దరు బాబాయిలు ఏనుగులు. పాత ఇళ్ళ ద్వారబంధం పైకమ్మీ చూడండి. నడుమ పద్మంలో లక్ష్మీదేవి, అటొకటీ ఇటొకటీ ఏనుగులు తొండాలెత్తి కుండలతో నీళ్ళు పోస్తుంటాయి. గజలక్ష్మి. ఇది నిన్నమొన్నటిది కాదు, రెండువేల ఏళ్ళ నాటి సాంచీ తోరణాల మీద కూడా ఉంది. ఏనుగంటే మబ్బు, కుండలో నీళ్ళంటే వాన. వానొస్తే వరి, వరి ఉంటే లక్ష్మి. గుమ్మం మీద వానని చెక్కుకున్నారన్నమాట. మబ్బుకీ ఏనుగుకీ చుట్టరికం ఎలా కలిసిందో కథ ఉంది. పూర్వం ఏనుగులకి రెక్కలుండేవట, మబ్బుల్లో తిరిగేవట. ఓసారి ఒక మర్రికొమ్మ మీద వాలితే కొమ్మ విరిగింది. కింద ఆశ్రమంలో ఉన్న దీర్ఘతపుడనే ముని కోపించి, నేల మీదే నడవండని శపించాడట. మీ షోకేసులో కొండపల్లి అంబారీ ఏనుగుంది కదా, తెల్లపొణికి చెక్కతో చేసింది. ఎంత తేలికో చేతిలోకి తీసుకుని చూడండి. రెక్కల కథ నమ్మాలనిపిస్తుంది.

కొట్టుగది తాళాలతో ఉండే ముసలమ్మ తాబేలు. బరువంతా ఆవిడదే, ఎవరికీ కనపడదు. పాలసముద్రం చిలికినప్పుడు మందర పర్వతాన్ని వీపున మోసింది కూర్మమే. శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మం గుడికి మిమ్మల్ని తీసుకెళ్తాను. స్వామీ కూర్మమే, గుడిలో తిరిగేవీ నక్షత్రాల చిప్పల తాబేళ్ళే. మీ అమ్మ హాల్లో గాజుగిన్నెలో నీళ్ళు పోసి పెట్టిన ఇత్తడి తాబేలు చైనావాళ్ళ వాడుక. వస్తే వచ్చింది, దూరపు చుట్టం. దాని నీళ్ళు మాత్రం రోజూ మార్చండి, లేకపోతే దోమలొచ్చి కాపురం పెడతాయి.

ఇక పాము. పిలవకపోతే అలిగే బావగారు. కార్తీకంలో నాగులచవితికి పుట్ట దగ్గరికి మనమే వెళ్ళి పలకరిస్తాం. వాకిట్లో ఆయన మెలికల ముగ్గుగా పడుకుంటాడు. ఇవాళ మీ నానమ్మ వేసింది అదే. చుక్కల్ని తాకకుండా వాటి చుట్టూ తిరిగి తిరిగి గీత మొదలెట్టిన చోటికే వచ్చింది. తల ఎక్కడో, తోక ఎక్కడో పట్టుకోండి చూద్దాం.

నెమలి దగ్గర నా పెళ్ళి పోలిక కుంటుతోంది. దానికి ఏ పనీ దొరకలేదు. పట్టుచీర కట్టుకుని ఫొటోలకి మాత్రమే వచ్చే చుట్టం అనాలి. కలంకారీ దుప్పటి మీద, తలుపు మీద, దీపపు కుందె మీద, ఎక్కడ చూసినా తనే. కుందె మీద మాత్రం హంసే ఉండాలని నా పట్టు. పాలనీ నీళ్ళనీ వేరుచేసేదాన్ని వెలుగు దగ్గర కూర్చోబెట్టడం సబబు. ఓరుగల్లు కోటలో కాకతీయుల తోరణం మీద కూడా హంసలే బారు తీరి ఉన్నాయి.

మీ నాన్న సోఫా పైన తగిలించిన ఏడు గుర్రాల పటం సంగతి మరిచిపోయాను. బాబీ లెక్కపెట్టి ఆరే ఉన్నాయన్నాడు. సూర్యుడి రథానికి ఏడు గుర్రాలు కదా, నాకూ అనుమానం వచ్చి కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ఏడోది ఉంది. దుమ్ము వెనక రెండు చెవులూ, ఒక కన్నూ.

చిట్టీ, ఇప్పుడు నీ ప్రశ్న. వెండి ఆవు పాలివ్వదు, పేడా వెయ్యదు, లిఫ్టుకి భయపడదు. ఆ లెక్కన అది రాలేదు. కానీ నేను నీ వెనకే ఉన్నాను. గడప దగ్గర నువ్వు ఆగావు. ఆవు కాళ్ళకి గడప తగులుతుందేమోనని పళ్ళెం కొంచెం పైకెత్తావు. దూడ ఒరిగిపోతుంటే బొటనవేలు అడ్డం పెట్టావు. లోపలికి వెళ్ళాక పళ్ళెం కింద పెట్టి దూడని ఆవు వైపుకి తిప్పావు. నీకెవరూ చెప్పలేదు. నా దగ్గరున్న జవాబు అదే, నువ్వు చేసిందే.

మీ ఇద్దరికీ ఒక పని. ఆదివారం ఇల్లంతా తిరిగి ఎన్ని జంతువులున్నాయో రాసి పంపండి. దుప్పట్లూ, గిన్నెలూ, దేవుడి గంట పిడీ, బాబీ చొక్కా, అన్నీ చూడాలి. ట్యూబులైటు వెనక బల్లిని లెక్కలో కలపకండి, అది బొమ్మ కాదు. పిలవని చుట్టం.

ఎదురింటివాళ్ళబ్బాయి రేపు రాత్రి బస్సుకి హైదరాబాదు వస్తున్నాడు. అతని చేతికి ఒక పొట్లం ఇస్తున్నాను. కిందటేడు వానలకి ఆ గోడ పడిపోయినప్పుడు ఐదో చిలకకొయ్యని పెళ్ళల్లోంచి తీసి దాచాను. ముక్కు కొన కాస్త విరిగింది, కన్ను బాగానే ఉంది. మీ చేతికందే ఎత్తులో గోడకి దిగ్గొట్టించుకోండి, స్కూలు సంచీ తగిలించండి. దానికి బెల్లం పెట్టొద్దని మీ నాన్న చెప్తాడు. నేనేమీ చెప్పను.

ఇట్లు,
మీ తాతయ్య