నాలుగు బైట్ల బాకీ: పోస్ట్‌గ్రెస్‌లో ట్రాన్సాక్షన్ నంబర్ల చర్చకు నేపథ్యం

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ సర్వర్ లాగ్‌లో, డేటాబేస్‌లను నిర్వహించే డీబీఏలు చూడకూడదని కోరుకునే వాక్యం ఒకటుంది. నంబర్లు చుట్టు తిరిగి డేటా పోయే ప్రమాదం ఉన్నందున ఈ డేటాబేస్ ఇక ఆదేశాలు స్వీకరించదని దాని సారాంశం. ఆ వాక్యం కనిపించే సమయానికి డిస్కు బాగానే ఉంటుంది, మెమరీ చాలినంత ఉంటుంది, నెట్‌వర్క్‌లో లోపమేమీ ఉండదు. ఉన్న డేటాను చదువుకోనిస్తుంది గానీ టేబుల్‌లో కొత్తగా ఒక్క వరుస (రో) కూడా రాయనివ్వదు. 2015 జూలైలో సాఫ్ట్‌వేర్ లోపాలను నమోదు చేసే సెంట్రీ సేవ, 2019 ఫిబ్రవరిలో మెయిల్‌చింప్ వారి మాండ్రిల్ ఈమెయిల్ సేవ ఈ కారణంగానే దెబ్బతిన్నాయి. జరిగినదేమిటో ఆ సంస్థలే బయటికి చెప్పాయి. ప్రతి ట్రాన్సాక్షన్‌కూ, అంటే డేటాబేస్‌లో ఒకే విడతగా జరిగే ప్రతి పనికీ, ఇచ్చే క్రమ సంఖ్యను 32 బిట్లలో, అంటే నాలుగు బైట్లలో, రాసుకోవడమే ఈ చిక్కుకు మూలం. దాన్ని 64 బిట్లకు పెంచితే సరిపోతుంది కదా అని మొదటిసారి విన్న ప్రతివారికీ అనిపిస్తుంది. పోస్ట్‌గ్రెస్ డెవలపర్లు ఆ మాటను ఏళ్ల తరబడి చర్చిస్తూనే ఉన్నారు, ఇప్పటికీ పూర్తిగా చేయలేదు. ఎందుకు చేయలేదో తెలియాలంటే బైట్ల లెక్క ఒక్కటే చాలదు, 1980ల నాటి నిర్ణయం ఒకటి చూడాలి.

మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో 1986లో మొదలైన పోస్ట్‌గ్రెస్ ప్రాజెక్టు, డేటాను దాచే పద్ధతిలో ఒక సాహసం చేసింది. ఉన్న వరుసను ఎప్పుడూ చెరిపి రాయకూడదన్నది ఆ పద్ధతి. మార్పు జరిగితే పాత ప్రతి ఉన్నచోటే ఉంటుంది, దాని పక్కన కొత్త ప్రతి చేరుతుంది. పాత ప్రతులన్నీ దక్కుతాయి కనుక గతంలో ఫలానా రోజున టేబుల్ ఎలా ఉందో అడిగి చూడవచ్చు. దీన్నే కాలయాత్ర అనేవారు. సర్వర్ మధ్యలో కూలినా చెరిపినదేదీ లేదు కనుక వెనక్కి తిప్పవలసినదీ ఉండదు. ఇక పేరుకుపోయే పాత ప్రతులను ఎప్పటికప్పుడు ఊడ్చి, ఆప్టికల్ డిస్కుల మీది భాండాగారానికి చేర్చే పనికి వాక్యూమ్ అని పేరు పెట్టారు. 1987లో వచ్చిన పరిశోధనా పత్రంలోనే ఈ ఏర్పాటంతా కనిపిస్తుంది.

బర్క్‌లీ ప్రాజెక్టు 1994లో ముగిసింది. ఆండ్రూ యూ, జాలీ చెన్ దానికి డేటాను అడిగే భాష ఎస్‌క్యూఎల్‌ను తొడిగి పోస్ట్‌గ్రెస్95 చేశారు, 1996లో దానికే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అన్న పేరు వచ్చింది. నిర్వహణ భారమెక్కువైన కాలయాత్రను 1997లో 6.2 వెర్షన్‌తో తీసేశారు. యాత్ర ఆగిపోయింది గానీ దాని కోసం కట్టిన సత్రం అలాగే నిలిచింది. పాత, కొత్త ప్రతులు పక్కపక్కనే ఉండే ఆ అమరికను వదిమ్ మిఖేయెవ్ అనే డెవలపర్ 1999 నాటి 6.5 వెర్షన్‌లో మరో పనికి వాడుకున్నాడు: రాసేవారు చదివేవారిని ఆపకుండా, చదివేవారు రాసేవారిని ఆపకుండా, ఎవరికి తగిన ప్రతి వారికి చూపడం. ఈనాడు పోస్ట్‌గ్రెస్‌కున్న మంచిపేరులో పెద్ద భాగం ఈ గుణానిదే, దాని మీది ఫిర్యాదుల్లో పెద్ద భాగమూ ఇక్కడి నుంచి వచ్చేదే.

ఒక్క వరుసను దగ్గరగా చూస్తే సంగతి తేటపడుతుంది. ఒక ఖాతాలో 500 రూపాయలున్నట్టు 1000వ నంబరు ట్రాన్సాక్షన్ రాసిందనుకుందాం. ఆ వరుస ముందుభాగంలో 23 బైట్ల హెడర్ ఉంటుంది. ఆ హెడర్‌లో ఎక్స్‌మిన్ అనే నాలుగు బైట్ల గడిలో 1000 పడుతుంది, ఎక్స్‌మాక్స్ గడి ఖాళీగా ఉంటుంది. తర్వాత 1005వ ట్రాన్సాక్షన్ దాన్ని 450 చేస్తే, పాత వరుస ఎక్స్‌మాక్స్‌లో 1005 పడుతుంది, ఎక్స్‌మిన్‌లో 1005 ఉన్న కొత్త వరుస అదే టేబుల్‌లో పుడుతుంది. చదవడానికి వచ్చిన ప్రతి క్వెరీ ఈ రెండు నంబర్లను తన కాలంతో పోల్చుకుని, ఏ ప్రతి తనకు కనిపించాలో తేల్చుకుంటుంది. ఒరాకిల్ డేటాబేస్, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో డేటాను దాచే ఇన్నోడీబీ ఇలా చేయవు. అవి వరుసను ఉన్నచోటే మార్చి, పాత విలువను అన్‌డూ అనే వేరే చోట దాస్తాయి. ఇన్నోడీబీ వరుసలో ట్రాన్సాక్షన్ నంబరుకు ఆరు బైట్లు కేటాయించారు.

నాలుగు బైట్లలో పట్టే నంబర్లు సుమారు 429 కోట్లు. పోస్ట్‌గ్రెస్ 7.2కు ముందున్న వెర్షన్లలో ఆ కోటా అయిపోతే దారి లేదు. డేటానంతా బయటికి తీసి, డేటాబేస్‌ను కొత్తగా కట్టి, మళ్లీ నింపుకోవలసిందే. 2002 ఫిబ్రవరిలో వచ్చిన 7.2లో టామ్ లేన్ అనే డెవలపర్ రెండు పెద్ద మార్పులు చేశాడు. టేబుల్‌కు తాళం వేయకుండా పనిచేసే వాక్యూమ్ ఒకటి. నంబర్లను సరళరేఖ మీద కాక వలయం మీద పోల్చడం రెండోది.

ఈ వలయం తెలుగువారికి కొత్త కాదు. అరవై సంవత్సరాల చక్రంలో ప్రభవ అంటే 1987-88 కావచ్చు, 1927-28 కావచ్చు. ఇంట్లో దొరికిన ఉత్తరం మీద ప్రభవ అని మాత్రమే ఉంటే అది ఏ చుట్టులోదో పేరు చెప్పదు. అరవై ఏళ్లకు మించి పాతది కాదన్న భరోసా ఉంటేనే నిస్సందేహంగా తేల్చగలం. పోస్ట్‌గ్రెస్ లెక్కా ఇలాంటిదే, అయితే అది వలయాన్ని రెండు సగాలు చేస్తుంది. ఏ నంబరుకైనా వెనకవైపు సగం, సుమారు 214 కోట్లు, గతం. ముందువైపు సగం భవిష్యత్తు. ఒక వరుస 214 కోట్ల ట్రాన్సాక్షన్లకు మించి పాతబడితే అది భవిష్యత్తులో రాసినట్టు కనిపిస్తుంది, అంటే ఎవరికీ కనిపించకుండా పోతుంది. అందుకే ఆ హద్దు చేరకముందే వాక్యూమ్ వచ్చి, ఈ వరుస ఎప్పటిదైనా సరే అందరికీ గతమే అని ముద్ర వేసి పోవాలి. దీన్ని ఫ్రీజ్ చేయడం అంటారు. అంతకుముందు చెత్త ఊడ్చే పనివాడిగా ఉన్న వాక్యూమ్, 7.2 నుంచి డేటాకు ఊపిరి పోసే బాధ్యత కూడా మోయవలసి వచ్చింది. తరువాతి ఇరవై ఏళ్ల చర్చంతా ఈ రెండో బాధ్యత చుట్టూనే తిరిగింది.

214 కోట్లు చిన్న సంఖ్య కాదని ఆ రోజుల్లో అనుకోవడం సహజమే. కానీ సెకనుకు వెయ్యి రాత ట్రాన్సాక్షన్లు నడిచే సర్వర్‌లో ఆ దూరం 25 రోజులలోపే కరిగిపోతుంది. పైగా మొదట్లో వాక్యూమ్‌ను నడపడం మనిషి పని. వాక్యూమ్‌ను దానంతటదే నడిపే ఆటోవాక్యూమ్ సాధనం 7.4తో పాటు విడిగా వచ్చింది, దాన్ని అల్వారో హెరెరా 2005 నాటి 8.1లో సర్వర్‌లో భాగం చేశాడు. 2008 నాటి 8.3 నుంచి అది అడగకుండానే నడుస్తోంది. మొదట చెప్పిన భయంకర వాక్యం కూడా 8.1లోనే పుట్టింది: డేటా మాయం కావడం కన్నా సర్వర్ మొండికేయడం మేలని తేల్చుకుని, హద్దుకు ఇంకా పది లక్షల నంబర్లు ఉండగానే ఆపేసే ఏర్పాటు చేశారు. తరువాత 14వ వెర్షన్‌లో ఆ ఎడాన్ని ముప్పై లక్షలకు పెంచారు.

ఆ వాక్యం వెంట వచ్చే సలహాకు విడిగా ఒక కథ ఉంది. సర్వర్‌ను ఆపి, ఒక్క యూజర్ మాత్రమే ఉండే రీతిలో తెరిచి వాక్యూమ్ చేయమని ఆ సలహా చెప్పేది. 8.1 కాలానికి అది సరైన మాటే, ఎందుకంటే అప్పుడు చదివే ట్రాన్సాక్షన్ కూడా ఒక నంబరు ఖర్చుపెట్టేది. 8.3 నుంచి నిజంగా రాసేవారికే నంబరు ఇవ్వడం మొదలైంది. దాంతో మామూలు వాక్యూమ్‌కు నంబరు అవసరం దాదాపు లేకపోయింది, సర్వర్‌ను ఆపే అవసరమూ తప్పింది. అయినా ఆ సలహా 2024లో 17వ వెర్షన్ వచ్చేదాకా అలాగే ఉండిపోయింది. ఆటోవాక్యూమ్ పెద్ద టేబుల్ మీద సగంలో ఉండగా సర్వర్‌ను ఆపితే చేసిన పనిలో కొంత వృథా అవుతుంది, నంబర్ల హద్దును కాపాడే కంచె కూడా ఆ ఒంటరి రీతిలో ఉండదు. అర్ధరాత్రి ఆపదలో ఉన్నవాడు తెర మీద కనిపించిన మాటనే నమ్ముతాడు కనుక, నా దృష్టిలో ఈ పాత సలహాను అన్నేళ్లు ఉంచడం కోడ్‌లోని పెద్ద లోపంతో సమానమే.

64 బిట్ల ప్రతిపాదనను ఎదుర్కొన్న అభ్యంతరాలు అర్థం కావాలన్నా 8.3నే గుర్తుచేసుకోవాలి. వరుస హెడర్‌ను 27 బైట్ల నుంచి 23కు తగ్గించినది ఆ వెర్షనే.  కోట్ల వరుసలున్న టేబుల్‌లో వరుసకు నాలుగు బైట్లు మిగిలితే డిస్కులోనూ మెమరీలోనూ తేడా తెలుస్తుంది. అంత కష్టపడి నాలుగు బైట్లు మిగిల్చినవారిని, ఎక్స్‌మిన్, ఎక్స్‌మాక్స్ రెండింటికీ కలిపి ఎనిమిది బైట్లు పెంచమని అడగడమే నేరుగా 64 బిట్లకు వెళ్లడమంటే. 2010లో 9.0తో పాటు వచ్చిన పీజీఅప్‌గ్రేడ్ సాధనం మరో ముడి వేసింది. డేటా ఫైళ్లను తిరగరాయకుండా, ఉన్నవి ఉన్నట్టే కొత్త వెర్షన్‌కు తీసుకుపోవడం దాని సుఖం. ఆ ఫైళ్లలోని పేజీల, అంటే వరుసలను దాచే ముక్కల, రూపం మారితే ఆ సుఖం పోతుంది, టెరాబైట్ల డేటా ఉన్నవారికి అది చిన్న నష్టం కాదు.

2017లో పోస్ట్‌గ్రెస్ ప్రొఫెషనల్ సంస్థ తరఫున అలెగ్జాండర్ కొరొత్కోవ్ మధ్యేమార్గం ఒకటి తెచ్చాడు. వరుసల్లో నాలుగు బైట్లే ఉంటాయి. 8 కిలోబైట్ల పేజీ ఒక్కొక్కటి తన మూల సంఖ్యను 64 బిట్లలో విడిగా రాసుకుంటుంది. వరుసలోని చిన్న నంబరును దానికి కలిపితే అసలు నంబరు వస్తుంది. తెలుగు లెక్కలో చెప్పాలంటే, ప్రతి పేజీ మీదా ఇది ఫలానా చుట్టులోని ప్రభవ అని రాసి ఉంచడమన్నమాట. ఆ సంస్థ తన వాణిజ్య వెర్షన్‌లో దీన్ని అమలు చేసింది. 15 వెర్షన్ అభివృద్ధి జరుగుతుండగా మాక్సిమ్ ఓర్లోవ్ తదితరులు దీన్నే మెరుగుపరచి మళ్లీ ముందుకు తెచ్చారు.

అప్పటి అభ్యంతరాల్లో ఒకటి స్థలానికి సంబంధించినది: పాత పేజీ అంచుదాకా నిండి ఉంటే ఈ మూల సంఖ్యను ఎక్కడ పెట్టాలి? దానికి జవాబుగా, చోటు లేని పేజీల్లో ఎక్స్‌మిన్ గడిని కూడా కలుపుకుని ఎక్స్‌మాక్స్‌ను రెండింతల వెడల్పున రాసే తాత్కాలిక రూపం ప్రతిపాదించారు. అది పనిచేస్తుంది, కానీ ఒకే టేబుల్‌లో రెండు రకాల పేజీలను ఏళ్ల తరబడి మోయవలసి వస్తుంది. ఇంకా లోతైన అభ్యంతరం వేరే ఉంది. వాక్యూమ్ వెనకబడిందంటే సాధారణంగా దానికి కారణం ఉంటుంది: ఎవరో తెరిచి మరచిన ట్రాన్సాక్షన్, నకలు సర్వర్ కోసం డేటాను పట్టి ఉంచే రెప్లికేషన్ స్లాట్‌ను వదిలేయడం, సిద్ధం చేసి కమిట్ చేయకుండా (ఖాయం చేయకుండా) మిగిల్చిన ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్. నంబర్లు 64 బిట్లయినంత మాత్రాన ఇవి పోవు. సర్వర్ ఆగకపోవచ్చు గానీ పాత ప్రతులు కుప్పబడి టేబుల్ ఉబ్బుతూనే ఉంటుంది. హద్దు దగ్గర సర్వర్ ఆగడం కఠినమే అయినా, అది బయటపెట్టే జబ్బు నిజమైనదే. ఈ వాదనలో బలముందనే నా అభిప్రాయం. అయితే సేవ నిలిచిపోయినవారికి ఇది ఊరట కాదన్నదీ నిజమే.

కొత్త మార్పుల పట్ల ఇంత జంకు ఎందుకన్నదానికి 9.3 అనుభవం ఒక జవాబు. ఒక టేబుల్‌ను మరో టేబుల్‌కు ముడివేసే ఫారిన్ కీల తాళాలను తేలిక చేయడానికి 2013లో ఆ వెర్షన్, ఒకే వరుసను పట్టుకున్న పలు ట్రాన్సాక్షన్లను సూచించే మల్టీగ్జాక్ట్ నంబర్లను విస్తృతంగా వాడింది. వాటికీ 32 బిట్ల వలయమే. దాని లోపాలు సరిదిద్దడానికి ఏళ్లు పట్టింది. 2015 మే, జూన్‌లలో మూడు వారాల వ్యవధిలో మూడు సవరణ విడుదలలు వచ్చాయి, మల్టీగ్జాక్ట్ దిద్దుబాట్లు వాటిలో ఉన్నాయి. డిస్కు మీది రూపాన్ని ముట్టుకునే ప్యాచ్ (కోడ్ మార్పు) అంటే అప్పటి నుంచి సమీక్షకుల చూపు మరింత పదునెక్కింది.

మూలాన్నే మార్చే ప్రయత్నమూ జరిగింది. ఎంటర్‌ప్రైజ్‌డీబీ సంస్థ 2018లో ప్రకటించిన జీహీప్, ఒరాకిల్ తరహాలో అన్‌డూ పద్ధతిని పోస్ట్‌గ్రెస్‌లోకి తేవాలనుకుంది. రాబర్ట్ హాస్‌తో పాటు అమిత్ కపిలా వంటి భారతీయ డెవలపర్లు దాని మీద పనిచేశారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ నాయకత్వంలో 2019 నాటి 12లో టేబుల్ నిల్వ పద్ధతిని మార్చుకునే వీలు కూడా ఏర్పడింది. అయినా జీహీప్ ప్రధాన కోడ్‌లోకి చేరలేదు. అన్‌డూ భాగం ఒక్కటే లాగ్, ఇండెక్స్, పునరుద్ధరణ అన్నిటినీ తాకేంత పెద్దది. కొరొత్కోవ్ తరువాత మొదలుపెట్టిన ఓరియోల్‌డీబీ అదే ఆశను ప్రధాన కోడ్ బయట కొనసాగిస్తోంది.

గెలిచింది మాత్రం చిల్లర మార్పుల దారి. 2016 నాటి 9.6 అన్నిటికన్నా విలువైనది తెచ్చింది: పేజీ అంతా ఫ్రీజ్ అయిందని, పేజీల స్థితిని గుర్తుపెట్టుకునే విజిబిలిటీ మ్యాప్‌లో ఒక బిట్ వేసుకోవడం. అంతకుముందు ఎన్నడూ మారని పాత డేటాను కూడా వాక్యూమ్ పదేపదే మొదటి నుంచీ చదివేది. ఆ బిట్ వల్ల అలాంటి పేజీలను దాటిపోగలుగుతోంది. 13 నుంచి కేవలం ఇన్సర్ట్‌లే, అంటే కొత్త వరుసలు చేర్చడమే, జరిగే టేబుళ్ల మీదకూ ఆటోవాక్యూమ్ వస్తోంది. 14లో టేబుల్ వయసు 160 కోట్ల ట్రాన్సాక్షన్లు దాటితే, వెతుకులాటకు తోడ్పడే ఇండెక్సుల శుభ్రత వంటివన్నీ వదిలి ఫ్రీజ్ పనే చూసే అత్యవసర రీతి చేరింది. పీటర్ గేగన్, మసాహికో సవాడా చేసిన పని అది. 17లో వాక్యూమ్ వాడే మెమరీ బాగా తగ్గింది. 2025 నాటి 18లో మామూలు వాక్యూమ్ కూడా ముందుచూపుతో కొన్ని పేజీలను ఫ్రీజ్ చేసి, చివర్లో ఒక్కసారిగా పడే బరువును తగ్గిస్తోంది.

64 బిట్ల ప్రతిపాదన కూడా పూర్తిగా పక్కకు పోలేదు, ముక్కలుగా లోపలికి వస్తోంది. ఎస్‌క్యూఎల్‌లో వాడుకునే ఎక్స్‌ఐడీ8 అనే 64 బిట్ల రకం 13లో వచ్చింది. ట్రాన్సాక్షన్ల స్థితిని దాచే ఫైళ్లలో పేజీల లెక్కింపు 17లో 64 బిట్లయింది. టేబుల్ వరుస మాత్రం మారలేదు. 18లో కూడా హెడర్ 23 బైట్లే, ఎక్స్‌మిన్ నాలుగు బైట్లే, ప్రతి పేజీ మొదట్లో రాసుండే రూపం నంబరు 8.3 నాటి 4 అంకే.