బోర్లొచ్చాక బాయి తవ్వేదెవరు?

మా మేనమామకు షుగర్, దానికి తోడు ముప్పై ఏళ్ల బీడీ అలవాటు. కుడికాలి బొటనవేలు నల్లబడితే నల్లగొండ నుంచి హైదరాబాద్ తీసుకుపోయాం. కాలు తీసేస్తారేమోనన్న టెన్షన్‌తో ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. తీరా చూస్తే ఎడమ గజ్జల్లో ఒక్క సూది రంధ్రం, అంతే. అందులోంచి సన్నని తీగ పంపి, కుడికాలి ధమని పూడిపోయిన చోట బెలూన్ ఉబ్బించి రక్తానికి దారి చేశారు. అయ్యాక ఒక కుర్ర డాక్టరు ఆ రంధ్రం మీద వేళ్లు పెట్టి, ఇరవై నిమిషాలు కదలకుండా ఒత్తిపట్టి కూర్చున్నాడు.

"కోస్తరనుకున్న, గిట్ల ఒత్తుతున్నవేంది బిడ్డా?" అన్నాడు మామ.

"కాలు మాత్రం మడవకు పెద్దాయనా."

రక్తనాళాల సర్జరీలో ఆ కుర్రాడు ఏం నేర్చుకుంటున్నాడు, ఏం నేర్చుకోలేకపోతున్నాడు అన్నదే నా ఆలోచన.

1964లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో, కాలు తీయించుకోనని మొండికేసిన 82 ఏళ్ల ముసలమ్మకు చార్లెస్ డాటర్ లోపలి నుంచే ధమనిని వెడల్పు చేశాడు. ఆయన సర్జన్ కాదు, రేడియాలజిస్టు. ఇది తమ పని కాదని సర్జన్లు చాలాకాలం దూరంగానే ఉన్నారు. 1990లో బ్యూనస్ ఎయిర్స్‌లో హువాన్ పరోడి, పొట్టలో ఉబ్బిపోయిన బృహద్ధమనికి గజ్జల్లోంచే లోపల గొట్టం తొడిగాడు. ఆ తర్వాత సర్జన్లూ తీగ పట్టక తప్పలేదు.

తీగ పని వేరే విద్య. ఒంటి మీద బరువైన సీసపు ఏప్రాన్, చెయ్యి గజ్జల దగ్గర, కళ్లు ఎక్స్‌రే తెర మీద. తెర మీది బొమ్మకు లోతు ఉండదు. వేళ్ల మధ్య తీగను కాస్త తిప్పితే ఎక్కడో మోకాలి దగ్గర దాని మొన పక్కకు తిరుగుతుంది. కొత్తగా వచ్చినవాడికి మొదట ఇచ్చేది తీగ తోక కదలకుండా పట్టుకునే పని. అలుసుగా చూడొద్దు. అడ్డంకి దాటిన తీగ వెనక్కి జారిందా, మళ్లీ అదే దారి దొరుకుతుందన్న భరోసా లేదు.

మా దిక్కు బోరుబండ్లు వచ్చాక బాయి తవ్వేవాళ్లు, రాతికట్టు కట్టేవాళ్లు తగ్గిపోయారు. ఎక్కడైనా కట్టు కూలితే మళ్లీ ఎత్తి కట్టేవాడి కోసం నాలుగూళ్లు తిరగాలి. రక్తనాళాల సర్జరీలోనూ అదే జరుగుతోంది. తేలిక కేసులన్నీ తీగకు పోతున్నాయి. కత్తికి మిగిలేవి తీగ దూరనివి, గోడలు సున్నంలా గట్టిపడినవి, ధమనిని తెరిచి ఉంచడానికి ముందు వేసిన స్టెంట్ (జాలీ గొట్టం) మొరాయించినవి. అంటే తేలిక బాయి ఒక్కటీ తవ్వనివాడిని నేరుగా కూలుతున్న బాయిలోకి దింపుతున్నాం. రోగికి తీగ ఎంత మేలో మామను చూస్తే తెలుస్తుంది. నా ఫిర్యాదు దాని మీద కాదు.

మనిషి బదులు యంత్రం మీద సాధన చేసే సిమ్యులేటర్లు ఉన్నాయి. ఎంతసేపు ఎక్స్‌రే వాడావో, ధమని తెర మీద కనబడేందుకు ఎంత రంగు మందు ఎక్కించావో లెక్క చెబుతాయి. తీగ పనికి బాగా పనికొస్తాయి. కానీ నెత్తురు ఎగచిమ్ముతున్నప్పుడు ధమనిని నొక్కిపట్టే క్లాంప్ ఎక్కడ వేయాలో అవి నేర్పేది తక్కువే. కుట్టు చేతికి రావడానికి మిగిలిన బడి డయాలసిస్ రోగుల మణికట్టు. అక్కడ ధమనిని, సిరను కలిపి ఫిస్టులా కుడతారు. గజ్జల్లో ధమనిని తెరిచి పూడిక తీయడం కూడా ఇంకా కత్తి చేతిలోనే ఉంది, మడత పడే చోట స్టెంట్ నిలవదు మరి. అమెరికాలో 2006 నుంచి ఐదేళ్లూ నేరుగా ఈ విద్యే నేర్పే కోర్సులు వచ్చాయి. మన దగ్గర ఎం.ఎస్. (జనరల్ సర్జరీ) తర్వాత మూడేళ్లు. తీగ, కత్తి రెండు విద్యలకు ఆ మూడేళ్లు చాలవని నాకనిపిస్తుంది.

ఎందుకంటే మాకు విజయవాడ హైవే ఉంది. బైకు లారీ కింద పడి మోకాలు నుజ్జయితే, దాని వెనకున్న ధమని తెగొచ్చు. సుమారు 6 గంటల్లో రక్తం అందకపోతే కాలు దక్కడం కష్టం. అలాంటప్పుడు చాలావరకు కోసి కుట్టాల్సిందే. రెండో కాలి నుంచి సిర తీసి, తలకిందులుగా తిప్పి అతకాలి. సిరలో కవాటాలు రక్తాన్ని గుండె వైపే పోనిస్తాయి, తిప్పకుండా కుడితే కిందికి దిగదు.

ఇలాంటివి ఎన్ని చూశారని ఆ కుర్ర డాక్టరును అడిగాను.

"నాలుగు సార్. నా చేత్తో కుట్టింది ఒక్కటే" అన్నాడు, మామ గజ్జల మీది వేళ్లు తీయకుండానే.