కక్కించి తినే పక్షులు

1492 సెప్టెంబర్ 29. కొలంబస్ ఓడలకు కొత్త నేల ఇంకా కనబడలేదు. ఆ రోజు వాళ్ల కంట ఒక పక్షి పడింది. అది సముద్రంలో చేపలు పట్టి బతికే బూబీ పక్షుల చేత తిన్నదంతా కక్కిస్తుందనీ, ఆ కక్కినదాన్నే తింటుందనీ, దానికి వేరే ఆహారం లేదనీ, సముద్రపు పక్షే అయినా నీటి మీద వాలదనీ ఆయన డైరీలో రాసి ఉంది.

అది ఫ్రిగేట్ పక్షి. ఆ మాటల్లో ఒకటి మాత్రం పొరపాటు. దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు నీటి మీద వాలకపోవడం గురించి చెప్పుకోవాలి, దోపిడీకి మూలం అక్కడే ఉంది.

ఫ్రిగేట్ రెక్కలు చాపితే రెండు మీటర్లు దాటతాయి. ఒంటి బరువేమో కిలోన్నరకు కాస్త అటూ ఇటూ. రెక్కల వైశాల్యంతో పోలిస్తే ఇంత తేలికైన పక్షి మరొకటి లేదు. కింది నుంచి గాలి కొంచెం ఎగదోస్తే చాలు, రెక్క ఆడించకుండానే పైకి తేలిపోతుంది. ఇవి రెండు నెలల దాకా ఎక్కడా వాలకుండా ఎగరగలవని హిందూ మహాసముద్రంలో జరిగిన ఒక పరిశోధన 2016లో తేల్చింది. ఇంతగా ఎగరగల ఈ పక్షి ఈకలు మాత్రం నీటికి ఆగవు. సముద్రంలో దిగితే తడిసి బరువెక్కుతుంది, మళ్లీ లేవడం కష్టం. అందుకే మునిగి చేపను పట్టే దారి దానికి లేదు. నీటి పైకి ఎగిరిన చేపనో, పైపైన తిరిగే స్క్విడ్‌నో ముక్కుతో అందుకోవాలి. లేదంటే ఇంకొకరు పట్టింది లాక్కోవాలి.

సాయంత్రం బూబీ పిల్లకోసం కడుపునిండా చేపలతో గూటికి మళ్లుతుంది. బరువు మీద ఉంది కాబట్టి చురుగ్గా మలుపులు తిరగలేదు. ఫ్రిగేట్ పైనుంచి దూసుకొచ్చి తోకో రెక్కో పట్టి గుంజుతుంది. చివరికి బూబీ చేపను కక్కేస్తుంది. అది నీటిని తాకేలోపే ఫ్రిగేట్ గాల్లో అందుకుంటుంది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇక్కడ ఓడిపోయిన పక్షే. చేప పోతే మళ్లీ వేటాడవచ్చు, రెక్క విరిగితే తనూ ఉండదు, గూట్లో పిల్లా ఉండదు. కక్కేయడంతో ఒళ్లు కూడా తేలికై తప్పించుకోవడం సులువవుతుంది. అది పిరికితనం కాదు, సరైన లెక్క.

ఇక కొలంబస్ పొరపాటు, దానికి వేరే ఆహారం లేదన్న మాట. పసిఫిక్‌లోని హెండర్సన్ దీవిలో ఈ వెంటాడటాలను గమనించి 1994లో ఒక లెక్క ప్రచురించారు. దోపిడీ వల్ల ఫ్రిగేట్‌కు దొరికేది సగటున దాని అవసరంలో 5 శాతమే. ఎంత బాగా కలిసొచ్చినా 40 శాతం మించదు. అంటే ఐదు వందల ఏళ్లుగా దొంగ పేరు మోస్తున్న ఈ పక్షి కడుపు నింపేది చాలామటుకు దాని సొంత వేటే. ట్యూనా అనే పెద్ద చేపలు తరుముతుంటే నీటి పైకి లేచే ఎగిరే చేపలే దాని అసలు భోజనం.

నిజంగా దోపిడీ మీద బతికేవి వేరే ఉన్నాయి. స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో గూళ్లు కట్టే ఆర్కిటిక్ స్కువాలు అనే సముద్రపు పక్షులు పిల్లల్ని పెంచే కాలమంతా టెర్న్‌లు, కిట్టివేక్‌లు, పఫిన్‌లు వంటి ఇతర సముద్రపు పక్షులు తెచ్చే చేపల మీదే ఎక్కువగా ఆధారపడతాయి. పఫిన్ చేపల్ని ముక్కులో అడ్డంగా పేర్చుకుని వస్తుంది కాబట్టి తెచ్చినదంతా బయటికే కనిపిస్తుంది. స్కువాల ప్రజాతికి పెట్టిన లాటిన్ పేరు స్టెర్‌కోరారియస్, పేడకు సంబంధించినది అని అర్థం. తరిమిన పక్షుల నుంచి రాలేది రెట్ట అనీ, స్కువా దాన్నే తింటుందనీ అప్పట్లో నమ్మేవారు. రాలేది చేప అని తెలిసినా పేరు మారలేదు.

ఆ చేప చాలాసార్లు శాండ్ ఈల్, వేలంత సన్నటి చిన్న చేప. అది తగ్గినప్పుడు టెర్న్ ఉత్త ముక్కుతో తిరిగొస్తుంది, స్కువాకు లాక్కోవడానికి ఏమీ ఉండదు. స్కాట్లాండ్‌లో ఆర్కిటిక్ స్కువాలు దారుణంగా తగ్గిపోవడానికి ఈ కొరత ఒక ముఖ్య కారణం. 2024 మార్చిలో ఉత్తర సముద్రంలోని ఇంగ్లండ్ జలాల్లోనూ, స్కాట్లాండ్ జలాలన్నిటిలోనూ శాండ్ ఈల్ వేటను ఆపేశారు. ఆ చేపలు మళ్లీ పెరిగితే వాటిని ముందు పట్టేది పఫిన్‌లూ టెర్న్‌లే. స్కువా వంతు ఆ తర్వాతే.