మొదటి రోజు నెగెటివ్ వేరు, ఏడో రోజు నెగెటివ్ వేరు: యాంటిజెన్ టెస్ట్ వెనక కథ

2020 ఏప్రిల్‌లో దక్షిణ కొరియాలో కోవిడ్ తగ్గి ఇంటికెళ్లినవాళ్లకి మళ్లీ ఆర్‌టీపీసీఆర్ (ల్యాబ్‌లో చేసే కోవిడ్ టెస్ట్) చేస్తే పాజిటివ్ రావడం మొదలైంది. ఒకరికో ఇద్దరికో కాదు, వందల మందికి. వైరస్ ఒంట్లోనే దాక్కుని మళ్లీ లేస్తోందేమోనని అందరికీ టెన్షన్. అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ అలాంటి 285 మందినీ, వాళ్లతో మెలిగిన 790 మందినీ పరిశీలించింది. మళ్లీ పాజిటివ్ వచ్చాక వాళ్ల నుంచి ఇంకొకరికి అంటినట్టు ఎక్కడా తేలలేదు. 108 మంది నమూనాల్లో వైరస్‌ని ల్యాబ్‌లో పెంచాలని చూస్తే ఒక్కదాంట్లోనూ పెరగలేదు.

ఎందుకంటే ఆర్‌టీపీసీఆర్ వెతికేది వైరస్ జన్యుపదార్థాన్ని. చిటికెడు దొరికినా దాన్ని రెట్టింపు మీద రెట్టింపు చేసి చూపిస్తుంది, ఆ ముక్కలు చచ్చిన వైరస్‌వి అయినా సరే, జబ్బు తగ్గిన వారాల తర్వాతవి అయినా సరే. యాంటిజెన్ టెస్ట్‌లో ఈ పెంచడం ఉండదు. ముక్కులోంచి తీసిన నమూనాలో వైరస్ ప్రోటీన్ బాగా ఉంటేనే పాజిటివ్ అని చెప్పే రెండో గీత పడుతుంది, లేకపోతే ఒక్క గీతే, అంటే నెగెటివ్. వైరస్ అంత ఎక్కువగా ఉండే రోజులే సాధారణంగా ఇతరులకు అంటించే రోజులు కూడా.

కానీ మన దగ్గర యాంటిజెన్ టెస్ట్ వచ్చింది ఎవరు అంటిస్తారో తెలుసుకోవడానికి కాదు, ఆర్‌టీపీసీఆర్ ల్యాబులు చాలక. 2020 జూన్ 14న ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కంటైన్‌మెంట్ జోన్లలో, ఆస్పత్రుల్లో దీన్ని వాడొచ్చని చెప్పింది. అప్పటి పరీక్షల్లో దాని సెన్సిటివిటీ, అంటే నిజంగా సోకినవాళ్లలో ఎంతమందిని పట్టుకుంటుందన్నది, 50.6 నుంచి 84 శాతం దాకా తేలింది, వైరస్ ఎంత ఉందన్నదాన్ని బట్టి. లక్షణాలుండి నెగెటివ్ వస్తే ఆర్‌టీపీసీఆర్ తప్పనిసరి అని అదే రోజు రాశారు. చాలాచోట్ల ఆ రెండో టెస్ట్ చేయనేలేదు, సెప్టెంబర్‌లో కేంద్రం రాష్ట్రాలకు మళ్లీ గుర్తుచేయాల్సి వచ్చింది. జ్వరంతో వచ్చినవాళ్లు ఒక్క గీత చూసుకుని ధైర్యంగా ఇంటికెళ్లి పెద్దవాళ్ల పక్కనే పడుకున్నారంటే ఇప్పటికీ నాకు బాధేస్తుంది. ఆ నెగెటివ్ కాగితం పట్టుకుని పెళ్లిళ్లకి వెళ్లినవాళ్లూ ఉన్నారు.

అదే ఏడాది అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీలో ఎపిడెమియాలజిస్ట్ (జబ్బులు జనంలో ఎలా వ్యాపిస్తాయో చూసే నిపుణుడు) మైఖేల్ మినా వేరే వాదన తెచ్చాడు. సగం కేసులు తప్పిపోతున్నాయని ఈ టెస్ట్‌ని తిట్టడం తప్పు, జబ్బు ఉందా అన్నది డాక్టర్‌కి కావాల్సిన జవాబు, ఈరోజు నేను అంటిస్తానా అన్నది ఇంట్లోవాళ్లకి కావాల్సిన జవాబు, రెండోదానికి చవకగా, వెంటనే, మళ్లీ మళ్లీ చేసుకునే టెస్ట్ కావాలి అన్నాడు. నాకు ఇది సరైన వాదనే అనిపిస్తుంది, ఒక్క షరతుతో: మళ్లీ మళ్లీ చేయాలి. ఆ మాటే జనం దాకా చేరలేదు.

బ్రిటన్‌లో 36 మంది ఆరోగ్యవంతులైన యువ వాలంటీర్ల ముక్కుల్లో కావాలనే వైరస్ వేసి రోజూ పరీక్షించిన అధ్యయనం 2022లో వచ్చింది. అందులో సగం మందికి సోకింది. బతికున్న వైరస్ దొరికిన రోజులతో యాంటిజెన్ ఫలితాలు బాగానే కలిశాయి, కాకపోతే మొదటి ఒకటి రెండు రోజుల్లో టెస్ట్ వెనకబడింది. అంటే నెగెటివ్ చూపిస్తున్నా అప్పటికే అంటించే అవకాశం ఉందన్నమాట. అందుకే అదే ఏడాది ఆగస్టులో అమెరికాలో మందులు, టెస్ట్‌లకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ లక్షణాలుంటే 48 గంటల తేడాతో రెండుసార్లు, లేకపోతే మూడుసార్లు చేసుకోమంది.

జబ్బు చివర్లో లెక్క తిరగబడుతుంది. ఆరో రోజున నెగెటివ్ వచ్చినవాళ్లలో బతికున్న వైరస్ దొరకలేదని, పాజిటివ్ వచ్చినవాళ్లలో దాదాపు సగం మందిలో దొరికిందని అమెరికాలో ఒక చిన్న అధ్యయనం చూపించింది. కాబట్టి గొంతునొప్పి మొదలైన రోజు ఒక్క గీత చూసి అమ్మమ్మ గదిలోకి వెళ్లకండి. వారం తర్వాత, జ్వరం పోయాక, రెండు రోజుల తేడాతో రెండుసార్లు ఒక్క గీతే వస్తే అప్పుడు వెళ్లొచ్చు.